ఐదు శీర్షాల సైకిల్‌కు గ్రేస్‌ఫుల్ లేబులింగ్ రావడం లేదు, నా ప్రోగ్రామ్ తప్పా?

అనంతపురం పరిశోధక విద్యార్థిని:
పీహెచ్‌డీ మొదటి సంవత్సరం, గ్రాఫ్ సిద్ధాంతం (శీర్షాలు అనే చుక్కలు, వాటిని కలిపే అంచులు అనే గీతలు; గుండ్రంగా తిరిగొచ్చే వరుస సైకిల్). గ్రేస్‌ఫుల్ లేబులింగ్ అంటే అంచులు ఎన్ని ఉంటే 0 నుంచి అంతవరకు ఉన్న సంఖ్యల్లోంచి శీర్షాలకు వేర్వేరు సంఖ్యలు ఇవ్వాలి; ప్రతి అంచు రెండు కొసల తేడాలు 1 నుంచి అంచుల సంఖ్య వరకు ఒక్కోసారి రావాలి. నాలుగు శీర్షాల సైకిల్‌కు వరుసగా 0, 4, 1, 2 ఇస్తే అంచుల మీద తేడాలు 4, 3, 1, 2 వచ్చాయి. 1 నుంచి 4 వరకు అన్నీ ఒక్కోసారి. ఐదు శీర్షాలకు 0 నుంచి 5 వరకు వాడి 720 అమరికలూ వెతికించాను. ఒక్కటీ లేదు. ఆరుకూ అంతే. ఏడుకు మాత్రం దొరికింది! తప్పు ఎక్కడ?

కర్నూలు మిత్రుడు:
చివరి శీర్షం నుంచి మొదటిదానికి తిరిగొచ్చే అంచును లెక్కలో వేశారా? అది మరిచి నేనొకసారి వారం పోగొట్టుకున్నాను.

విద్యార్థిని:
వేశాను సార్.

కడప అధ్యాపకుడు:
ప్రోగ్రామ్ సరిగానే ఉందమ్మా. సైకిల్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. సంఖ్య పెరిగితే ప్లస్, తగ్గితే మైనస్. బయలుదేరిన చోటికే వస్తారు గనుక మొత్తం సున్నా. ఒక మైనస్‌ను ప్లస్ చేస్తే మొత్తం ఆ తేడాకు రెట్టింపు పెరుగుతుంది. కాబట్టి అన్నీ మార్చినా సరిసంఖ్యే. కానీ 1 నుంచి 5 వరకు కూడితే 15, బేసి. ఆరుకు 21, అదీ బేసే. ఏడుకు 28. శీర్షాల సంఖ్యను నాలుగుతో భాగిస్తే శేషం 0 లేదా 3 వచ్చే సైకిళ్లకే ఇది కుదురుతుంది. వాటన్నిటికీ కుదురుతుంది కూడా.

విద్యార్థిని:
ఎంత తేలిక! దీన్నే వ్యాసంగా రాయవచ్చా? డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రిక ఉందట.

కడప అధ్యాపకుడు:
వద్దు. గణితజ్ఞుడు అలెగ్జాండర్ రోసా 1967లోనే చెప్పిన సంగతి ఇది. అప్పట్లో దీన్ని బీటా వాల్యుయేషన్ అన్నారు, గ్రేస్‌ఫుల్ అన్న పేరు మరో గణితజ్ఞుడు గోలంబ్ తరువాత పెట్టినది. వెతికేటప్పుడు పాత పేరుతోనూ వెతకండి. ఎలక్ట్రానిక్ జర్నల్ ఆఫ్ కాంబినటోరిక్స్‌లో గాలియన్ రాసిన గ్రాఫ్ లేబులింగ్ సర్వే ఉచితంగా దొరుకుతుంది. మీ గ్రాఫ్ అందులో లేదని తేలాకే కలం పట్టండి.

కర్నూలు మిత్రుడు:
ట్రీలు (సైకిల్ లేకుండా అంతా కలిసి ఉండే గ్రాఫ్‌లు) తీసుకోకూడదా? ప్రతి ట్రీ గ్రేస్‌ఫుల్ అన్నది ఇంకా రుజువు కాలేదు కదా.

కడప అధ్యాపకుడు:
మొత్తం సమస్యను మొదటి ఏడాదే నెత్తిన పెట్టుకోవద్దు. క్యాటర్‌పిల్లర్ ట్రీల (కొస శీర్షాలు తీసేస్తే ఒకే దారి మిగిలేవి) పని రోసాయే ముగించాడు. లాబ్‌స్టర్ ట్రీలు (కొస శీర్షాలు తీసేస్తే క్యాటర్‌పిల్లర్ మిగిలేవి) పూర్తిగా తేలలేదు. వాటిలో ఒక చిన్న కుటుంబం పట్టుకోండి. (కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను మాత్రం మన లెక్కలో ట్రీ కాదు. ఊడ నేలకు దిగిందంటే సైకిల్ ఏర్పడినట్టే!)

విద్యార్థిని:
ఎనిమిదికి చేత్తోనే వచ్చింది సార్: 0, 8, 1, 7, 2, 5, 3, 4.