పాత కుండలో కొవ్వు దొరికితే అది వంటదేనా?

ఉలవచారు_జయనగర్: ఆదివారం నలుగురు తెలుగువాళ్లం కలిస్తే మన పూర్వీకులు మాంసం తిన్నారా లేదా అన్నదాని మీదే వాదన. 2020లో వచ్చిన ఒక పరిశోధనలో, హరియాణా, యూపీలోని సింధు నాగరికత ఊళ్ల కుండపెంకుల్లో జంతువుల కొవ్వు ఆనవాళ్లు బాగా కనిపించాయని రాశారు. నమ్మొచ్చా?

నెయ్యి_అంగడి: కొవ్వు ఉంటే వంటేనా? దీపానికి వాడి ఉండొచ్చు, తోళ్లకు రాసి ఉండొచ్చు. ఒకే డబ్బా నెయ్యి రెండు ల్యాబులకు పంపాను. ఒకరు స్వచ్ఛమన్నారు, ఇంకొకరు కల్తీ అన్నారు. ఆ పండగ ఆర్డర్లన్నీ పోయాయి. అప్పటినుంచి నాకు ల్యాబు రిపోర్టంటే నమ్మకం లేదు.

పీణ్య_ల్యాబ్: అన్నా, మీకు జరిగింది అన్యాయమే. కానీ ఇది వేరే పరీక్ష. మట్టికుండ గోడ కొవ్వును పీల్చుకుంటుంది. పెంకు పైపొర గీకేసి, లోపలి మట్టిని పొడి చేసి, సాల్వెంట్‌తో, అంటే కొవ్వును కరిగించే ద్రవంతో, కొవ్వు లాగుతారు. అందులో పామిటిక్, స్టియరిక్ ఆమ్లాల్లోని బరువైన రకం కార్బన్ ఎంతో కొలుస్తారు. ఆవు, మేకలాంటి వాటి పాల కొవ్వుకీ మాంసం కొవ్వుకీ తేడా అక్కడ దొరుకుతుంది. గుజరాత్‌లోని కోటడా భాడ్లీలో 59 పెంకులు ఇలాగే చూసి, పాల వాడకం ఉందన్నారు.

నెయ్యి_అంగడి: దీపం సంగతి చెప్పలేదు.

కోరమంగల_కుర్రాడు: హరియాణాలోని సింధు ఊరు ఫర్మానాలో మనుషుల పళ్ల మీద, వంటకుండలో పసుపు, అల్లం పిండి రేణువులు దొరికాయి. దీపంలో అల్లం ఎవరేస్తారు?

ఉలవచారు_జయనగర్: ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఉలవల్లో కొవ్వు తక్కువ, కాబట్టి ఈ పరీక్షలో అవి సరిగా కనబడవు. మన పక్కనే బళ్ళారి దగ్గర సంగనకల్లులో తవ్విన మట్టిని నీళ్లలో కలిపితే మాడిన గింజలు పైకి తేలాయి. ఉలవలు, పెసలు, అండుకొర్రలు. సుమారు నాలుగు వేల ఏళ్ల నాటివి. కుండ ఒకటి చెబుతుంది, బూడిద ఇంకొకటి చెబుతుంది.

నెయ్యి_అంగడి: అంటే పప్పూ కొర్రలే తిన్నారు. నేను మొదటినుంచీ అంటున్నది అదే.

పీణ్య_ల్యాబ్: ఆయన అలా అనలేదన్నా! సింధు ఊళ్లలో దొరికిన జంతువుల ఎముకల్లో ఎక్కువ వంతు ఆవులు, గేదెలవే. వాటినేం చేద్దాం? రెండేళ్ల కింద ఇంటికి అడ్వాన్స్ ఇవ్వబోతుంటే ఓనరు "నాన్‌వెజ్ వండుతారా" అన్నాడు. వండుతామంటే "మన పూర్వీకులు ఇవి ముట్టలేదమ్మా" అని డబ్బు వెనక్కిచ్చాడు. పక్కనే మా పాప ఉంది. మేం ఎవరి పిల్లలమమ్మా అని దారంతా అడిగింది. నాకు ఆ పెంకు అందుకే కావాలి.

కోరమంగల_కుర్రాడు: అక్కా, మాకూ రెండుచోట్ల ఇదే అయింది.

నెయ్యి_అంగడి: ఇల్లివ్వకపోవడం తప్పే. నా బాధ వేరు. మా నాయనమ్మ మడికట్టుకుని మట్టికుండలో పప్పు వండేది. రేపు ఎవరో పెంకు చూపించి అదంతా అబద్ధం, మీది మధ్యలో వచ్చిన పద్ధతి అంటే నేనేం చెప్పాలి?

పీణ్య_ల్యాబ్: మీ నాయనమ్మ వంటను ఎవరూ కాదనలేదు, అననివ్వను కూడా. ఆ ఓనరు "మన పూర్వీకులు" అన్నాడు చూడండి, ఆ "మన"లో మేం ఉన్నామా? అది చెప్పండి.

నెయ్యి_అంగడి: ఉన్నారమ్మా. దీపం గురించి నా అనుమానం మాత్రం అలాగే ఉంది.