సమస్య: "గాలి నేసిన కవచమ్ము కత్తి నాపె"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య మధ్యధరా తీరం నుంచి తెచ్చాను. మా యూనివర్సిటీలో మధ్యయుగాల, తొలి ఆధునిక కాలపు మధ్యధరా సాహిత్యం మీద వర్క్‌షాప్ జరుగుతోంది. అరబ్బీ వాళ్ళు, లాటిన్ వాళ్ళు, హీబ్రూ వాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే కథను నాలుగు వైపుల నుంచి చదువుతున్నారు. నిన్న పూటంతా స్పెయిన్‌లోని సెవిల్ రాజు అల్ ముతమిద్ గురించే. 1069 నుంచి 1091 దాకా ఏలినవాడు, స్వయంగా గొప్ప కవి.

ఒకరోజు గ్వాదల్‌క్వివిర్ నది ఒడ్డున మిత్రుడు ఇబ్ను అమ్మార్‌తో నడుస్తున్నాడట. గాలి వీచి నీళ్ళ మీద సన్నటి అలలు లేచాయి. "గాలి నీటితో గొలుసు కవచం అల్లింది" అని సగం చెప్పి, పూర్తి చెయ్యమన్నాడు. ఇబ్ను అమ్మార్ అంతటి కవికి మాట తోచలేదు. రేవులో బట్టలుతుకుతున్న అమ్మాయి తలెత్తి, "గడ్డకట్టిందంటే యుద్ధానికి ఎంత మంచి కవచం!" అంది. ఆమే ఇతిమాద్, తర్వాత ఆయన రాణి. ఒకరి సగాన్ని ఇంకొకరు పూరించడాన్ని అరబ్బీలో ఇజాజా అంటారు. వింటుంటే అవధానంలో పృచ్ఛకుడి పక్కన కూర్చున్నట్టే అనిపించింది.

చివరి పాదం ఇచ్చాను, పై మూడూ మీరు పూరించాలి. ఛందస్సు చెప్పక్కర్లేదు కదా, తేటగీతే. గడువు ఆదివారం రాత్రి.

గౌతమీతీరం:
కథనే పద్యం చేశాను.

సగము పద్యమ్ము రాజు తాఁ జదివి యడుగ
మిత్రుఁ డూరక నిలిచెను మెదలకుండ
నీరు గడ్డకట్టె ననుచు నెలఁత పలుక
గాలి నేసిన కవచమ్ము కత్తి నాపె

గణవిభజన:
గౌతమీతీరం గారూ, నడక బాగుంది. రెండో పాదంలో ఇబ్ను అమ్మార్ నిజంగానే కళ్ళ ముందు నిలబడ్డాడు. కానీ ఆ అమ్మాయి "గడ్డకట్టింది" అనలేదండీ, "గడ్డకడితే" అంది. ఆమె గొప్పతనమంతా ఆ "తే"లోనే ఉంది. సెవిల్ ఎండలో ఆ నది గడ్డకట్టదని రాజుకీ తెలుసు, ఆమెకీ తెలుసు. మీరు కట్టించేశారు.

గౌతమీతీరం:
ఇచ్చిన పాదం "ఆపె" అని భూతకాలంలో ఉంది. షరతు పెడితే చివర క్రియ అతకదు. అందుకే "పలుక" అన్నాను. ఆమె ఆ మాట పలికిన క్షణానే వినేవాళ్ళ మనసులో నీరు గట్టిపడింది, కత్తి ఆగింది. ఇది ఆలోచించకుండా రాసింది కాదు.

నిర్వాహకుడు:
ఈ సమస్యలో చిక్కే అది. షరతుకీ భూతకాలానికీ ఎలా ముడివేస్తారన్నదే నేను చూడాలనుకున్నది. గౌతమీతీరం గారి "పలుక" ఒక దారి. ఇంకా దారులు ఉంటాయి.

పల్నాటిపిట్ట:
కథలో అందరూ అమ్మాయినే పట్టుకుంటారు, నాకు మాట తోచని మిత్రుడే గుర్తుండిపోయాడు. తర్వాత ముర్సియా పట్టణం వ్యవహారంలో రాజుకు ద్రోహం చేసి పట్టుబడ్డాడు. చెరసాల నుంచి క్షమించమని పద్యాలు పంపాడు. చివరికి రాజు తన చేత్తోనే చంపాడు.

చెఱను బడి మిత్రుఁ డంపెనుఁ జేయి మోడ్చి
క్షమనుఁ గోరుచుఁ గన్నీటి కవిత యొకటి
పడియె గొడ్డలి, మరి యెట్లు పలుకు మింక
గాలి నేసిన కవచమ్ము కత్తి నాపె?

గణవిభజన:
ప్రశ్నగా తిప్పారు, భేష్. పద్యం అంటే ఊపిరి, ఊపిరి అంటే గాలి, కనుక క్షమాపణ పద్యమే గాలి నేసిన కవచం. మూల చిత్రాన్ని వదలకుండా ఇంకో చోటికి తీసుకెళ్ళారు. మొదటి పూరణలో ఈ ప్రయాణం లేదు.

గౌతమీతీరం:
పల్నాటిపిట్ట గారికి నా అభినందనలు. గణవిభజన గారు నన్ను తగ్గించడానికి మిమ్మల్ని పొగిడినా ఆ పొగడ్తకు మీరు తగినవారే. ఒక్క సందేహం. పడింది గొడ్డలి. ఆగాల్సింది కత్తి. అంటే కవచం కత్తిని ఆపినట్టే కదా, గొడ్డలిని ఆపలేకపోయింది! మీరు "ఆపలేదు" అని వాదిస్తున్నారు, మీ పద్యమే "ఆపింది" అంటోంది.

పల్నాటిపిట్ట:
గౌతమీతీరం గారూ, అలా చదివితే ఇంకా పదునుగా ఉంది. కత్తి నుంచి కాచిన పద్యం గొడ్డలి నుంచి కాయలేకపోయింది. ఆ అర్థాన్నీ ఉంచేస్తున్నాను.

ప్రవాసి:
నేను కాలం కాస్త ముందుకు జరిపాను. ఇటాలియన్ కవి టాస్సో క్రూసేడ్ యుద్ధం మీద రాసిన కావ్యం 1581లో అచ్చయింది. అందులో జెరూసలేం తరఫున పోరాడే వీరవనిత క్లోరింద. శత్రువుల కొయ్య బురుజు తగలబెట్టడానికి రాత్రిపూట బయల్దేరుతుంది. తనను ప్రేమించిన శత్రువీరుడు టాంక్రెడే ఆమెను గుర్తుపట్టక చంపుతాడు.

కొయ్య బురుజుఁ గాల్పఁగఁ బోవు కోర్కె తోడ
నల్ల రాతిరి క్లోరింద నడచు వేళ
ఆత్మ రక్షణ కొఱకునై యందుకొనియె
గాలి నేసిన కవచమ్ము, కత్తి, నాపె

కొత్తచిగురు:
అబ్బ! "కత్తిని ఆపె". "ఆపె" అంటే ఇక్కడ ఆమె. ఆమె కవచాన్నీ కత్తినీ అందుకుంది! క్రియ కాస్తా కర్త అయిపోయింది. రెండుసార్లు చదివితే గానీ తట్టలేదు.

గణవిభజన:
విరుపు అద్భుతం, ఒప్పుకుంటాను. రెండు మాటలు. "రాతిరి క్లోరింద" దగ్గర "రి" తర్వాత సంయుక్తాక్షరం ఉంది, గురువు కాదా?

ప్రవాసి:
వేరే పదం కనుక లఘువే అంటాను. మీరు గురువన్నా భగణం పోయి రగణం వస్తుంది. రెండూ అక్కడ చెల్లుతాయి. టెన్షన్ పడక్కర్లేదు.

గణవిభజన:
సరే, అది వదిలేశాను. రెండోది వదలను. "గాలి నేసిన" ఎందుకు? ఆ రాత్రి క్లోరింద వెండి మెరుపుల కవచం తీసేసి నల్లటిది తొడుక్కుంటుంది, ఎవరూ గుర్తుపట్టకూడదని. తర్వాతి విషాదమంతా ఆ నలుపు వల్లే. మీరు రాతిరిని నల్లగా చేశారు గానీ కవచాన్ని చెయ్యలేదు. చివరి మాట కోసం మొదటి మాటను గాలికి వదిలేశారు.

గౌతమీతీరం:
ఇక్కడ మాత్రం గణవిభజన గారితో ఏకీభవిస్తాను. తేలికైన కవచమని సరిపెట్టుకోవచ్చు, కానీ సరిపెట్టుకోవడం పూరణ కాదు. ఇంతటి పట్టింపు పోయిన నెల నా ఆటవెలది మీద కూడా చూపించి ఉంటే బాగుండేది. "నక్కలరబు దేశ నడక నేర్చె" అన్న పాదాన్ని ఒక్క ముక్కలో కొట్టేశారు.

గణవిభజన:
కొట్టెయ్యలేదు, చరిత్ర తప్పిందన్నాను. మీ పద్యంలో పంచతంత్రం నక్కలు కరటక దమనకులు సంస్కృతం నుంచి నేరుగా స్పెయిన్‌లో దిగారు. అసలు దారి చాలా పొడుగు. పంచతంత్రం ముందు పహ్లవి అనే ఒకప్పటి పర్షియన్ భాషలోకి వెళ్ళింది. 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముకఫ్ఫా అరబ్బీలోకి తెచ్చాడు. ఆ నక్కల పేర్లు కలీలా, దిమ్నా అయ్యాయి. ఆ అరబ్బీ నుంచి 1251లో నాటి స్పానిష్ అయిన కాస్టీలియన్‌లోకి వచ్చింది. ఇంకో పాయ 11వ శతాబ్దంలోనే కాన్‌స్టాంటినోపుల్లో గ్రీకులోకి, మరొకటి హీబ్రూ మీదుగా లాటిన్‌లోకి. మన చిన్నయసూరి మిత్రభేదం చదివి పెరిగినవాళ్ళం, మన నక్కలు ఎన్ని రేవులు దాటాయో తెలిసి రాయాలి కదా.

గౌతమీతీరం:
పాదంలో "అరబు దేశ నడక" అనే ఉందండీ. మధ్యలో అరబ్బీ ఉందని ఆ పాదమే చెబుతోంది. పై మూడు పాదాల తొందర చూసి దీన్ని కూడా తోసేశారు.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాసేపు ఆ నక్కల్ని పడుకోనివ్వండి. ఇతిమాద్ కథ కూడా అలాగే ప్రయాణించింది. 1335లో డాన్ హువాన్ మాన్యుయెల్ రాసిన కథల్లో ఆమె మళ్ళీ కనిపిస్తుంది. మంచు చూడాలని ఉందంటే రాజు కొర్దోబా కొండ మీద బాదం చెట్లు నాటిస్తాడు, పూతకు కొండంతా తెల్లబడాలని. మట్టి తొక్కాలని ఉందంటే చక్కెర, దాల్చినచెక్క, కస్తూరి లాంటివి కలిపి బురద చేయిస్తాడు. శత్రు రాజు గురించి క్రైస్తవ రచయిత కాస్టీలియన్‌లో ఇంత మురిపెంగా చెప్పుకున్నాడు. నిన్న అందరం ఎక్కువసేపు మాట్లాడుకున్నది దాని గురించే.

కొత్తచిగురు:
మాస్టారూ, నేను ఆ కథ చివర పట్టుకున్నాను. 1091లో మొరాకో నుంచి వచ్చిన అల్మొరావిద్ వంశం వాళ్ళు సెవిల్ తీసుకుని రాజును మొరాకోలో అఘ్మాత్‌కు పంపేశారు. 1095లో అక్కడే పోయాడు. సంకెళ్ళను ఉద్దేశించి ఆయనే పద్యాలు చెప్పాడు. చిరుగుల బట్టల్లో కూతుళ్ళు ఊళ్ళో వాళ్ళకు నూలు వడుకుతుంటే పండగనాడు చూసి చెప్పిన పద్యం కూడా ఉంది.

కాళ్ళ సంకెళ్ళతో రాజు కనులఁ జూడ
కూఁతు లొరులకు వడకిరి కూటి నూలు
నాఁటి రేవున నాలి యన్నట్టి మాట
గాలి నేసిన కవచమ్ము, కత్తి నాపె

పల్నాటిపిట్ట:
రెండో పాదంలో నూలు, నాలుగో పాదంలో నేత. నాలుగు రోజులుగా ఇంతమంది రాస్తున్నాం, "నేసిన" అన్న మాటను ఎవరూ ముట్టుకోలేదు. చిగురమ్మ ముట్టుకుంది.

గణవిభజన:
మూడో పాదంలో యతి "న్న" మీద నిలిచింది, నిక్షేపంలా ఉంది. ఒకటే అడుగుతాను తల్లీ, ఏ కత్తి? ఆయన్ని అఘ్మాత్‌లో ఎవరూ నరకలేదు.

కొత్తచిగురు:
ఎవరూ నరకనక్కర్లేదండీ. పండగపూట కూతుళ్ళ కాళ్ళకు చెప్పులు లేక బురదలో నడుస్తుంటే చూస్తున్నాడు. ఒకప్పుడు వాళ్ళ అమ్మ కస్తూరి బురద తొక్కిందని చెప్పుకునే ఇల్లు అది. ఆ చూపే కత్తి. ఆ పూట ఆయన చేతిలో మిగిలింది రేవు నాటి మాటే.

గౌతమీతీరం:
గణవిభజన గారూ, ఈ పద్యం మీద ఇంకేమైనా అంటే నేను ఊరుకోను.

గణవిభజన:
అనను. మొదటి పాదం చివర "చూడ", రెండో పాదం మొదట "కూఁతు" దగ్గర సరళం రావాలా అని అడుగుదామనుకున్నాను, అదీ అడగను.

నిర్వాహకుడు:
ఆదివారం దాకా ఇంకా రాయొచ్చు. వర్క్‌షాప్‌లో రేపు సిసిలీ ఏలిన రెండో ఫ్రెడరిక్ ఆస్థానంలో సిసిలీ కవులు ప్రేమ స్వభావం మీద ఒకరికొకరు సానెట్లు (పద్నాలుగు పాదాల పద్యాలు) పంపుకున్న సంగతి ఉంది, వివరాలు పెడతాను. వచ్చే వారం సమస్య మాత్రం ఇప్పుడే తేల్చేశాను, గౌతమీతీరం గారి అనుమతితో, ఆటవెలదిలో: "నక్కలరబు దేశ నడక నేర్చె". మొదటి పూరణ గణవిభజన గారిది కావాలి.