ఈఈజీకి మా బాబు తల ముట్టుకోనివ్వడు, ఎట్లా అలవాటు చేయాలి?

కావలి అమ్మ:

అందరికీ నమస్తే. మాది కావలి. బాబుకి నాలుగు నిండి ఐదో ఏడు నడుస్తోంది. ఆటిజం అని పోయిన ఏడాది చెప్పారు, మాటలు తక్కువే కానీ మనం చెప్పేది చాలావరకు అర్థం చేసుకుంటాడు. రెండు నెలలుగా ఆడుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయి ఒకవైపే చూస్తూ ఉంటాడు, పిలిస్తే పలకడు, పది సెకన్లకి మళ్ళీ మామూలైపోతాడు. ఫిట్స్ ఏమో చూద్దామని డాక్టర్ ఈఈజీ (తలకి వైర్లు అంటించి మెదడు పనితీరుని గీతలుగా తీసే టెస్టు) రాశారు.

వాడు తల ముట్టనివ్వడు. నూనె రాయాలంటే ఇద్దరం కావాలి. జుట్టు నిద్రలో ఉన్నప్పుడు నేనే కత్తెరతో కాస్త కాస్త తీస్తాను. చేతికి పెరుగన్నం మెతుకు అంటుకున్నా కడిగేదాకా ఊరుకోడు, అలాంటిది తలంతా జిగురు పెట్టి వైర్లు అంటిస్తారంటే ఏం చేస్తాడో చెప్పక్కర్లేదు. పోయిన వారం నెల్లూరులో ఒకచోటికి తీసుకెళ్ళాం. టెస్టప్పుడు నిద్రపోవాలని రాత్రి 12 దాకా మేలుకోబెట్టి తెల్లారి 4కి లేపమన్నారు, అట్లాగే చేశాం, కానీ కారు దగదర్తి దాటగానే నిద్రపోయాడు, అరగంట పడుకుని లేచాడు, ఇక అక్కడికెళ్ళాక నిద్ర యాడ వస్తుంది. నాలుగు వైర్లు పెట్టేసరికి పీకేశాడు. నలుగురు పట్టుకున్నారు. ఆ అరుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. మీరు గారాబం చేశారమ్మా అని ఒకాయన అన్నారు, నేనేమీ మాట్లాడలేకపోయాను. టెస్టు కాలేదు. అప్పటినుంచి దువ్వెన చూసినా పరిగెత్తుతున్నాడు.

మూడు వారాల్లో వేరేచోట మళ్ళీ చేయించాలి. మా అత్తగారేమో పెంచలకోన మొక్కు ఎట్లాగూ ఉంది, ముందు గుండు చేయిస్తే వైర్లు సులభంగా అంటుకుంటాయి అంటున్నారు. అది పనికొస్తుందా? ఇలాంటి పిలకాయలకి ఈఈజీ చేయించినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు అక్క:

అమ్మా, ముందుగా ఒకటి. మీరు గారాబం చేయలేదు. ఆ జిగురు వాడికి మనకి తగిలినట్టు తగలదు, అంతే. మా పాపకి ఇప్పుడు తొమ్మిదేళ్ళు, తనకి ఐదేళ్ళప్పుడు మేం ఇదంతా పడ్డాం.

గుండు వద్దు. ఈఈజీకి గుండు అవసరమే లేదు, జుట్టు పాయలు తీసి మధ్యలో పెడతారు. తల ముట్టనివ్వని బిడ్డకి మంగలి కత్తి భయం ఒకటి, ఆ వెంటనే వైర్ల భయం ఇంకొకటి ఎందుకు. పెంచలకోన స్వామి ఎక్కడికీ పోడు, మొక్కు తర్వాత తీర్చుకోవచ్చని అత్తగారికి నెమ్మదిగా చెప్పండి.

మేం బొట్టు బిళ్ళలతో మొదలుపెట్టాం. మొదటి రోజు పాప చేతే నా నుదుటి మీద, వాళ్ళ నాన్న నుదుటి మీద, బొమ్మ నెత్తిన అంటించమన్నాం. తన తలకి ఏమీ పెట్టలేదు. మూడో రోజుకి తనే ఒకటి చేతికి అంటించుకుంది, తర్వాత మోచేతికి, బుగ్గకి, నుదుటికి, చెవి వెనక. వారం పట్టింది నుదుటికి రావడానికి. పెట్టగానే తీసేసినా మేం ఏమీ అనలేదు, తీసేయడం తన చేతుల్లో ఉందని తెలిశాకే ఎక్కువసేపు ఉంచుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత బిళ్ళ కింద చిటికెడు తడి గంధం. అది చల్లగా, తడిగా తగులుతుంది, ఆ జిగురు కూడా తగలగానే ఇంచుమించు అట్లాగే ఉంటుంది. పది అంకెలు లెక్కపెట్టి తడిగుడ్డతో తుడిచేసేవాళ్ళం. పది ఇరవై అయింది, ఇరవై యాభై అయింది.

ఇంకొకటి, వేళ్ళ కొసలతో సుతారంగా తాకితే ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఇంకా చిరాకు. అరచేయి మొత్తం ఆనించి గట్టిగా, నెమ్మదిగా అదిమితే ఓర్చుకుంటారు. మాకు ఇది థెరపీ మేడం చెప్పారు. మీ వాడికి ఏది నచ్చుతుందో మీకే తెలుస్తుంది, ఈ వారం మాత్రం దువ్వెన దాచేయండి, పోయిన వారం భయం కాస్త తగ్గనివ్వండి.

నెల్లూరు, ఈఈజీ టెక్నీషియన్:

నేను ఈ పనే చేస్తాను. ఆ రోజు జరిగింది చదివి బాధేసింది. పట్టుకుని చేయడం తప్పు, పైగా దానివల్ల మాకూ ఏమీ రాదు. ఏడుస్తూ పళ్ళు బిగించి తల విదిలిస్తుంటే మెషీన్‌లో కండరాల గీతలే నిండిపోతాయి, మెదడు గీతలు వాటి కింద కనపడకుండా పోతాయి. బాబు ఊరుకున్న పది నిమిషాల రికార్డు, అరుస్తూ తీసిన గంట రికార్డు కన్నా మేలు.

ఏం జరుగుతుందో వరసగా చెప్తాను, ఇంట్లో అదే వరసలో ఆడించండి. ముందు టేపుతో తల కొలిచి పెన్సిల్‌తో గుర్తులు పెడతాం. దర్జీ టేపు ఉంటుంది కదా, దానితో బొమ్మ తల, మీ తల, వాడి తల కొలవండి. తర్వాత గుర్తు పెట్టిన ప్రతిచోటా దూది పుల్లతో గరుకు జెల్ రుద్దుతాం, అది గీరినట్టు ఉంటుంది. తల్లిదండ్రులు వైర్లకి సిద్ధం చేసుకుని వస్తారు కానీ చాలామంది పిల్లలు మొదట ఏడ్చేది ఇక్కడే. పొడి ఇయర్‌బడ్‌తో తలమీద చిన్న చిన్న చుక్కలు రుద్ది అలవాటు చేయండి. ఆ పైన పేస్టు, చిన్న బిళ్ళలాంటి ఎలక్ట్రోడ్, సుమారు 20 ఉంటాయి, చెవుల దగ్గర కూడా పెడతాం. కొన్నిచోట్ల పైన గాజుగుడ్డ చుడతారు. కరెంటు లోపలికి ఏమీ పంపం, వచ్చేది రాసుకుంటాం అంతే. మీ వాడికి ఇష్టమైతే చెవులు మూసే పెద్ద హెడ్‌ఫోన్ వాడొచ్చా అని ముందే అడగండి, చెవుల దగ్గర అడ్డం వస్తుంది. శబ్దం పడదంటే గదిలో అవసరం లేనివి ఆపమనండి, మేం ఆపుతాం.

మీరు చెప్పిన లక్షణానికి ఊదడం ముఖ్యం. అలా కాసేపు శూన్యంగా చూసే ఫిట్స్, 3 నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదిలితే చాలాసార్లు బయటపడతాయి. కాగితంతో గాలిమర చేసి రోజూ ఊదించండి, అర నిమిషం నుంచి మొదలుపెట్టి పెంచండి, ఆయాసం గాని గుండె జబ్బు గాని ఉంటే మాత్రం ఊదించే ముందు డాక్టర్‌కి చెప్పండి. కళ్ళ ముందు లైటు కూడా మిణుకుమిణుకుమంటుంది, వెలుతురు పడని పిల్లాడైతే అది ఆఖరున పెట్టమని అడగండి.

ముందురోజు షాంపూతో తలస్నానం, ఆ తర్వాత నూనె చుక్క కూడా వద్దు, నూనె ఉంటే పేస్టు నిలవదు. మందులు ఏవైనా వాడుతుంటే డాక్టర్ ఆపమంటే తప్ప ఆపకండి. ఇడ్లీ పెట్టి తీసుకురండి, ఆకలితో వద్దు (నిద్రమందు ఇస్తామంటే మాత్రం వాళ్ళు చెప్పిన టైమే పాటించాలి). టీ, కాఫీ, చాక్లెట్, కోలా వద్దు. అన్నిటికన్నా ముందు, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోన్‌లో చెప్పండి, మా బాబుకి ఆటిజం, తల ముట్టనివ్వడు, పొద్దున మొదటి టైమ్ ఇవ్వండి, గంట ఎక్కువ పడుతుంది అని. ఎదురుచూసే గదిలోనే సగం మంది పిల్లల ఓపిక అయిపోతుంది.

ఇంకోమాట. వాడు ఆగిపోయి చూసేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. ఈఈజీ నార్మల్ వచ్చినంత మాత్రాన ఫిట్స్ లేవని కాదు, డాక్టర్‌కి ఆ వీడియో చాలా పనికొస్తుంది.

కనిగిరి నాన్న:

పైన అన్నీ చెప్పారు. నాది ఒక్కటే, నొప్పి లేదు అని చెప్పి ఊరుకోకండి. మేం అట్లా చెప్తే మావాడికి జిగురు తగలగానే మా మీద నమ్మకం పోయింది. రెండోసారి "చల్లగా ఉంటుంది, జిగటగా ఉంటుంది, నీకు నచ్చదు, తర్వాత వేడినీళ్ళతో కడిగేస్తాం" అని అదే మాట రోజూ చెప్పాం. ఫోన్‌లో ఫోటోలు వరసగా పెట్టాం: ఇల్లు, బస్సు, ఆస్పత్రి గేటు, మంచం, వైర్లు, చివర్న వాడి స్కూటర్ బొమ్మ. రోజూ పడుకునే ముందు చూపించేవాళ్ళం. నిద్రమందు సిరప్ కూడా రాశారు, అది ఆస్పత్రిలోనే వాళ్ళ కళ్ళ ముందు తాగించాలి, ఇంట్లో ఇచ్చి బయలుదేరకండి. కొందరికి దాంతో నిద్ర రాకపోగా చిరాకు పెరుగుతుంది, మావాడికి అదే అయింది.

దారిలో నిద్ర సంగతికొస్తే, కారు వద్దు, రైల్లో వెళ్ళండి. కిటికీ దగ్గర కూర్చోబెట్టి స్టేషన్లు చూపించండి. లేదా నెల్లూరులో చుట్టాలుంటే ముందురోజే వెళ్ళిపోండి.

కావలి అమ్మ:

అక్కా, అన్నా, టెక్నీషియన్ గారూ, మొన్న మంగళవారం అయింది. మా చిన్నమ్మ వాళ్ళింట్లో ముందురోజే దిగాం, బాబుని 12 దాకా మిద్దె మీద తిప్పాం. టేపుకి ఏమీ అనలేదు, తనే టెక్నీషియన్ అమ్మాయి తల కొలుస్తానని టేపు లాక్కున్నాడు, ఆ అమ్మాయి తల వంచి కొలవనిచ్చింది, ఆమెకి రుణపడి ఉంటాను. ఇయర్‌బడ్ దగ్గర ఏడ్చాడు. ఆపేశారు. అరచేత్తో గట్టిగా అదిమి యాభై దాకా లెక్కపెట్టాను, మళ్ళీ మొదలుపెట్టారు. చెవి దగ్గర ఒకటి పీకేస్తే మళ్ళీ అంటించారు. ఊదడం నిమిషంన్నరే ఊదాడు, చాలన్నారు. లైటు వద్దని ఏడిస్తే ఆపేశారు. ఆ తర్వాత నా పక్కనే పడుకుని ఇరవై నిమిషాలు నిద్రపోయాడు. సిరప్ అవసరం కాలేదు.

జిగురు మాత్రం ఇంటికొచ్చి మూడుసార్లు కడిగినా పోలేదు, పాత టవలు, టోపీ తీసుకెళ్ళండి ఎవరైనా వెళ్ళేవాళ్ళు. వీడియోలు రెండు తీశాను, డాక్టర్‌కి చూపించాను. రిపోర్టు శుక్రవారం ఇస్తామన్నారు. బొట్టు బిళ్ళలు ఇంకా అడుగుతున్నాడు, ఇప్పుడు మా అత్తగారి తల నిండా అంటిస్తున్నాడు, ఆవిడ కదలకుండా కూర్చుంటున్నారు.