అప్‌డేట్: విడాకుల వేళ ఇంటిల్లిపాదికీ పనికొచ్చే పుస్తకాలు అడిగాను కదా

మేము విడిపోతున్న సంగతిని ఆరేళ్ల పాపకు, పదమూడేళ్ల బాబుకు వివరించడానికి ఏ పుస్తకాలు ఉపకరిస్తాయని నాలుగు నెలల కిందట అడిగాను. సూచించిన వారందరికీ కృతజ్ఞతలు.

పాప మళ్లీ మళ్లీ చదివించుకున్నది క్లెయిర్ మాసురెల్ రాసిన ‘టూ హోమ్స్’. తల్లిదండ్రులు ఎందుకు విడిపోయారన్న చర్చ జోలికి పోకుండా, అలెక్స్ అనే పసివాడికి అమ్మ దగ్గర ఒక ఇల్లు, నాన్న దగ్గర ఒక ఇల్లు ఉన్నాయని, ఎక్కడున్నా ఇద్దరికీ వాడంటే ప్రేమేనని మాత్రమే చెప్పడం వల్లనే కాబోలు, అది పాపకు ధైర్యమిచ్చింది.

1986లో వెలువడిన ‘డైనోసార్స్ డైవోర్స్’ విషయంలో పొరపాటు నాదే. రెండు ఇళ్లలో జీవించడం మొదలుకొని సవతి తల్లిదండ్రుల వరకు అన్నీ అందులో ఉన్నాయి. నేను మొత్తం ఒకే రాత్రి చదివేసరికి, ఇంకా తలెత్తని సమస్యలకు కూడా పాప బెంగపెట్టుకుంది. ఆ తరువాత అవసరమైన పేజీలనే తెరిచాను.

బాబు ఏ పుస్తకాన్నీ ముట్టుకోలేదు, నేనూ బలవంతపెట్టలేదు.

నిజానికి ఎక్కువ మేలు జరిగింది పెద్దలకే. ఐసొలీనా రిచ్చి రాసిన ‘మామ్స్ హౌస్, డాడ్స్ హౌస్’ చదివాక, మాజీ దంపతులు వ్యాపార భాగస్వాముల్లా మర్యాదగా, క్లుప్తంగా మాట్లాడుకోవాలన్న ఆమె సూచనను ఇద్దరమూ అంగీకరించాము. ఇప్పుడు పిల్లల చేత కబుర్లు మోయించడం మానేసి, వారి చదువు, ఆరోగ్యం, రాకపోకల గురించి మాత్రమే నేరుగా రాసుకుంటున్నాము.