మా సున్నుండ పోయాడు, నాన్నని ఎలా ఓదార్చాలి?

మందారం, రామ్‌నగర్:
సంక్రాంతి వెళ్ళిన మూడో రోజు తెల్లవారుజామున మా పిల్లి సున్నుండ పోయాడు. 2012 వానాకాలంలో మా అపార్ట్‌మెంట్ బోరు మోటారు వెనక దొరికాడు, అరచేతిలో పట్టేంత. ఒంటి రంగు చూసి అమ్మ పెట్టిన పేరు అది.

నాన్నకి అప్పట్లో పిల్లంటేనే పడదు. ఆఫీసుకి బయల్దేరుతుంటే పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి, కుర్చీలో కూర్చుని, గ్లాసుడు నీళ్ళు తాగి మళ్ళీ వెళ్ళేవారు. సున్నుండ రోజూ ఎదురొచ్చేవాడు. నెల రోజులు అలాగే నీళ్ళు తాగి వెళ్ళారు. ఆ తర్వాత ఎప్పుడు మానేశారో మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. రిటైరయ్యాక ఆదివారం పొద్దున్నే రామ్‌నగర్ చేపల మార్కెట్‌కి వెళ్ళి మాకు కొర్రమీను, వాడికి విడిగా పావుకిలో పరకలు తెచ్చేవారు. ఉప్పు, పసుపు వేయకుండా ఉడకబెట్టి ముళ్ళు తనే తీసేవారు. అమ్మని చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు.

పోయిన వేసవిలో వాడు ఎప్పుడు చూసినా బాత్రూంలో బకెట్ దగ్గరే ఉండేవాడు. ఎండలు కదా, దాహం అనుకున్నాను. ఆగస్టులో ఒకరోజు ఎత్తుకుంటే చేతులకి బరువే తెలియలేదు. అయిదు కిలోలుండేవాడు మూడున్నరకి వచ్చాడు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) బాగా పెరిగింది, కిడ్నీలు దెబ్బతిన్నాయి అన్నారు డాక్టరుగారు.

అప్పటినుంచి ఇంట్లోనే సెలైన్. సీసాని గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచి కిటికీ చువ్వకి కట్టేదాన్ని. నాన్న వాడిని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, భుజాల మధ్య చర్మం పైకి లాగి పట్టుకుంటే నేను సూది గుచ్చేదాన్ని. వంద మిల్లీలీటర్లు ఎక్కేసరికి అక్కడ చర్మం కింద పెద్ద ఉబ్బు వచ్చి, మెల్లగా ముందుకాలి వైపు జారేది. ఆ ఉబ్బుతోనే దిగి వెళ్ళి నాన్న కుర్చీ కింద పడుకునేవాడు. ఒక్కరోజు కూడా గోరు తగలనివ్వలేదు.

ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల శ్మశానం ఉందని తెలిసి అక్కడే దహనం చేయించాం.

వేసవిలోనే నేను పట్టించుకుని ఉంటే బతికేవాడా? రాత్రిళ్ళు అదే ఆలోచన. నాన్న మొన్న ఆదివారం కూడా పరకలు తెచ్చారు. కవరు సింకులో పెట్టి అలాగే నిలబడిపోయారు. ఇంకో పిల్లిని తెద్దామంటే "వద్దమ్మా" అంటున్నారు. తేవాలా, ఆగాలా?

వెటర్నరీ అక్క:
చెల్లీ, పదేళ్ళుగా జంతువుల క్లినిక్‌లో పనిచేస్తున్నాను, ఉన్నమాట చెప్తాను. పిల్లుల మూలాలు ఎడారి ప్రాంతాల్లోవి. వాటి కిడ్నీలు నీటిని పొదుపుగా వాడుకుంటాయి. ఆ శక్తి పోతే ఒంట్లో నీళ్ళు నిలవవు, మూత్రం ఎక్కువ పోతుంది, అందుకే బకెట్ దగ్గర కూర్చుంటాయి. క్రియాటినిన్ పెరిగినట్టు కనబడేసరికే కిడ్నీల పనిలో దాదాపు ముప్పావు వంతు పోయి ఉంటుంది. వేసవిలో తెలిసినా నయమయ్యే జబ్బు కాదు. తిండి మార్చి ఇంకొన్ని నెలలు సుఖంగా ఉంచగలిగేవాళ్ళేమో, అంతే. ఆగస్టు నుంచి సంక్రాంతి దాకా ఒళ్ళో కూర్చుని సూది వేయించుకున్నాడంటే మీ చేతుల మీద వాడికి ఎంత నమ్మకమో చూడండి. చాలా పిల్లులు రెండో వారానికే మంచం కింద దూరతాయి.

నాన్నగారిని తొందరపెట్టకండి.

రాజు, సీతాఫల్‌మండి:
నేను మాత్రం తెమ్మనే అంటాను. మా పిల్లి పోయినప్పుడు మా అమ్మ కూడా వద్దనే అంది. అది పోయిన ఇరవై రోజులకి, పక్కింటి మెట్ల కింద ఈనిన పిల్లల్లో ఒకదాన్ని తెచ్చాం. మొదటి వారం ముఖం కూడా చూడలేదు. ఇప్పుడు దాన్ని పాత పిల్లి పేరుతోనే పిలుస్తుంది, మేమెవరం సరిదిద్దం.

గౌరి, మౌలాలి:
అక్కా, చదువుతుంటే ఏడుపొచ్చింది. మా పిల్లికి పోయిన వారమే ఇదే జబ్బని తేలింది. డాక్టర్ రోజు విడిచి రోజు సెలైన్ ఎక్కించమన్నారు. నాకు చెయ్యి వణుకుతోంది. నిన్న సూది అటునుంచి ఇటు వచ్చేసి నీళ్ళన్నీ బొచ్చు మీద కారిపోయాయి. ఎలా పట్టుకోవాలో కాస్త చెప్తారా?

మందారం, రామ్‌నగర్:
అక్కా, మీ మాట నాన్నకి రెండుసార్లు చదివి వినిపించాను. నిన్న రాత్రి కాస్త నిద్రపట్టింది. రాజుగారూ, ఇప్పుడే కాదులెండి, ఆయనకే అనిపించాలి.

గౌరీ, మొదట్లో మాకూ అలాగే కారిపోయేది. చర్మాన్ని మరీ ఎక్కువ లాగితే సూది రెండో వైపుకి వచ్చేస్తుంది. నీ మెసేజ్ చదవగానే నాన్న లేచి అలమర తీశారు. విప్పని సీసాలు నాలుగున్నాయి, గడువు ఇంకా ఉంది. వాడొచ్చో లేదో మీ డాక్టర్ని ఒక మాట అడుగు. ఆదివారం మార్కెట్‌కి వెళ్ళకుండా మౌలాలి వస్తానంటున్నారు, ఎలా పట్టుకోవాలో తనే చూపిస్తారట. సున్నుండ తువ్వాలు కూడా ఉతికి సంచిలో పెట్టారు. ఇందాకటినుంచి అడుగుతున్నారు, మీ పిల్లి పేరేంటి?