వైజాగ్ ఉక్కలో అంబలి, తరవాణి, కొంబుచా: కొత్తవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తజాడీ: నమస్కారమండి. పులియబెట్టిన పానీయాలు ఇంట్లో చేసుకోవాలని ఉంది. కొంబుచా (తీపి టీని పులియబెట్టి చేసేది) తల్లిపొర, అంటే దానికి తోడుగా వేసే ఈస్ట్, బ్యాక్టీరియా పొర, ఇస్తామని తెలిసినవాళ్ళు అన్నారు. మేముండేది ఎంవీపీ కాలనీ, వంటింట్లో ఏసీ లేదు. ఈ ఎండల్లో కుదురుతుందా? మన అంబలి, తరవాణి కూడా ప్రోబయోటిక్కేనా?

చోడిఅంబలి: కుదురుతుందండి. కానీ ముందు అంబలితో చెయ్యి తిరగనివ్వండి. 50 గ్రాముల చోడి (రాగి) పిండిని 200 మి.లీ. నీళ్ళలో కలిపి రాత్రంతా మూతపెట్టి ఉంచండి. పొద్దున్నకి పుల్లటి వాసన రావాలి. 800 మి.లీ. నీళ్ళు మరుగుతుండగా ఆ పిండినీళ్ళు సన్నగా పోస్తూ తిప్పండి, గరిటె ఆగితే ఉండలు కడుతుంది. సన్నసెగ మీద పది నిమిషాలు ఉడికిస్తే చాలు.

ఉడికాక పులుపు మిగులుతుంది గానీ పులియబెట్టిన బ్యాక్టీరియా దాదాపుగా చచ్చిపోతుంది. అందుకే అంబలి పూర్తిగా చల్లారాక పావు లీటరు మజ్జిగ కలపాలి. వేడిమీద పోస్తే మజ్జిగలో ఉన్న బ్యాక్టీరియా కూడా పోతుంది, మజ్జిగా విరుగుతుంది.

తరవాణిని ఉడికించకుండా తాగుతాం కాబట్టి దాంట్లో బ్యాక్టీరియా బతికే ఉంటుంది. వార్చిన గంజి, గుప్పెడు అన్నం గోరువెచ్చగా అవగానే కుండలో వేసి, కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, పాత తరవాణి ఒక గ్లాసు కలపండి. అది లేకపోతే రెండు చెంచాల పుల్లమజ్జిగ. ఇది మానకండి. పులుపు త్వరగా ఎక్కితేనే అన్నాన్ని పాడుచేసే బ్యాక్టీరియాకి చోటుండదు. వేసవిలో ఎనిమిది గంటలు చాలు.

ఇక ప్రోబయోటిక్ అనాలంటే, 2001లో ఎఫ్‌ఏఓ (ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ), డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) నిపుణులు చెప్పినదాని ప్రకారం సూక్ష్మజీవులు బతికుండాలి, తగినంత మోతాదులో ఉండాలి, ఆరోగ్యానికి మేలు చెయ్యాలి. ఇంట్లో పులిసినదాంట్లో ఏది ఎంతుందో కొలవలేం. రుచికీ చలవకీ తాగండి, మందు అనుకోవద్దు.

గాజుజాడీ: కొంబుచా లెక్క ఇది. లీటరు నీళ్ళు, 6 గ్రాముల మామూలు టీపొడి, 70 గ్రాముల పంచదార. మసాలా టీపొడి వద్దు, దాని నూనెలు తల్లిపొరకి పడవు. డికాక్షన్ వడకట్టి పూర్తిగా చల్లార్చి, పాత కొంబుచా 150 మి.లీ., తల్లిపొర వెయ్యండి. ఎంతమంది చెప్పినా ఆ 150 తగ్గించకండి. మొదటి రోజునుంచే పులుపు ఉంటేనే బూజు దూరంగా ఉంటుంది. పంచదార తగ్గించినా ఇబ్బందే, ఈస్ట్ తినేది అదే. ఈస్ట్ దాన్ని ఆల్కహాల్ చేస్తే, బ్యాక్టీరియా ఆ ఆల్కహాల్‌ని ఆమ్లంగా మారుస్తుంది.

జాడీ గాజుదే ఉండాలి. రాగి, ఇత్తడి గిన్నెల్ని ఆమ్లం తినేస్తుంది. మూతికి దళసరి నూలుగుడ్డ రబ్బరుబ్యాండుతో బిగించండి. పల్చటి గుడ్డైతే పండు ఈగలు దూరి గుడ్లు పెడతాయి.

దీనికి 24 నుంచి 29 డిగ్రీలు హాయి. మే నెలలో మన వంటిళ్ళు అంతకు మించిపోతాయి, అందుకని పుస్తకాల్లో ఉండే పది రోజుల లెక్క పట్టుకోకండి. నాలుగో రోజునుంచి రోజూ చెంచాడు రుచి చూడండి. తీపి, పులుపు సమంగా ఉన్నప్పుడే తీసెయ్యాలి. ఆగితే వెనిగరే.

గ్యాస్ కావాలంటే సీసాల్లో నింపి ఒక్కరోజు బయట ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి. పల్చటి గాజుసీసాలు పేలతాయి. ఒకటి ప్లాస్టిక్ సీసాలో నింపండి, అది నొక్కితే గట్టిగా తగిలిన రోజే అన్నీ ఫ్రిజ్‌లోకి.

పులుపుకుండ: బూజు సంగతి కూడా చెప్పాలి. పొడిగా, నూగుగా, తెల్లగానో పచ్చగానో నల్లగానో పైన లేస్తే అది బూజు. పైది తీసేసి తాగడం కుదరదు, తల్లిపొరతో సహా పారబోసి జాడీని మరిగే నీళ్ళతో కడగాలి. తడిగా, నున్నగా ఉండే కొత్త పొర, కింద వేలాడే గోధుమరంగు పోగులు మామూలే, ఆ పోగులు ఈస్టే.

కొంబుచాలో కొద్దిగా ఆల్కహాల్ ఉంటుంది. గర్భిణులు, చిన్నపిల్లలు, కీమో లాంటి చికిత్సతో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు దాని జోలికి వెళ్ళొద్దు. మిగతావాళ్ళు రోజుకి అరగ్లాసుతో మొదలుపెట్టండి, కడుపుబ్బరం వస్తే తగ్గించండి.

కొత్తజాడీ: చాలా థాంక్సండి. రెండు వారాలు ఊరెళ్తే తల్లిపొర ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

గాజుజాడీ: వద్దు. చల్లదనానికి అది మందగిస్తుంది, మళ్ళీ వేసినప్పుడు బూజు అందుకుంటుంది. కొత్త తీపి డికాక్షన్, పాత కొంబుచా ఎక్కువే పోసి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో వదిలెయ్యండి. వచ్చేసరికి వెనిగర్‌లా ఉంటుంది. తాగడానికి పనికిరాదు గానీ తర్వాతి విడతకి దాన్నే తోడు వెయ్యొచ్చు.