తిరిగి మేసే మెరుగైన నాటుకోళ్లకు లెక్క ప్రకారం దాణా, పూర్తి టీకాలు అవసరమా?

పచ్చికబయలు

200 పిల్లలు, మెరుగుపరిచిన నాటు రకం, ఆరు వారాల తర్వాత ఆవరణలో వదిలేసే పద్ధతి. దీని మీద నా వాదన ఇదీ. మొదటి ఆరు వారాలు స్టార్టర్ దాణా పెట్టాలి, అందులో గొడవ లేదు. ఆ తర్వాత మొక్కజొన్న, తవుడు, కాస్త అజోల్లా (తొట్టి నీళ్ల మీద పెంచే నాచులాంటి మొక్క) చాలు, మిగతాది కోడి తనే ఏరుకుంటుంది. టీకాల విషయానికొస్తే కొక్కెర తెగులుకి (రాణిఖేత్) వేస్తే సరిపోతుంది. గంబోరో, మశూచి టీకాలు వేల కోళ్లుండే షెడ్ల కోసం రాసుకున్న పట్టికలోవి. నాటు రక్తం ఉన్న కోడికి అవన్నీ ఎందుకు? కాదనేవాళ్లు లెక్కతో రండి.

దాణాలెక్క

లెక్కే కదా అడిగారు. మొక్కజొన్నలో మాంసకృత్తులు సుమారు 9 శాతం, నూనె తీసిన తవుడులో సుమారు 14. ఈ రెంటినీ 70:30 పాళ్లలో కలిపితే వచ్చేది పదిన్నర శాతం. ఎదిగే పిల్లకి 16 కావాలి. లోటు ఐదున్నర. దీన్ని అజోల్లా పూడుస్తుందనేది చాలామంది నమ్మకం. అజోల్లాలో 20-25 శాతం మాంసకృత్తులన్న మాట నిజమే గానీ అది ఎండబెట్టి తూచిన లెక్క. తొట్టిలోంచి తీసిన పచ్చి అజోల్లాలో 93-94 శాతం నీళ్లే. కిలో పచ్చిది పెడితే దక్కే మాంసకృత్తులు 15 గ్రాములు, అటూ ఇటూగా. గుడ్లు పెట్టే పెట్టకు రోజుకి 17 గ్రాముల దాకా కావాలి. కిలో అజోల్లా తినే కోడి ఎక్కడుంది? పచ్చసొన రంగుకి, విటమిన్లకి అజోల్లా మంచిదే, పెట్టండి. దాన్ని చెక్కకి (సోయా లాంటి గింజల నుంచి నూనె తీయగా మిగిలేది) బదులుగా లెక్కేయకండి.

అలాగని సంచి దాణానే కొనమనడం లేదు. ఏడో వారం నుంచి ఇంట్లో కలుపుకోవచ్చు. 100 కిలోలకి:

మొక్కజొన్న 52 కిలోలు
నూనె తీసిన తవుడు 28 కిలోలు
సోయా చెక్క 17 కిలోలు
కోళ్ల మినరల్ మిక్చర్ 2.5 కిలోలు
ఉప్పు 300 గ్రాములు
విటమిన్ ప్రీమిక్స్ 200 గ్రాములు (సంచి మీద మోతాదు వేరుగా ఉంటే అదే పాటించండి)

ఇది 16 శాతం దాటుతుంది. పొరపాట్లు ఎక్కువగా జరిగేది కలపడంలోనే. మినరల్, విటమిన్, ఉప్పు నేరుగా పెద్ద కుప్ప మీద చల్లితే ఒక కోడికి అంతా ఉప్పే, ఇంకో కోడికి అసలేమీ ఉండదు. ముందు వాటిని రెండు కిలోల తవుడులో కలపండి, దాన్ని పది కిలోల్లో, ఆ తర్వాతే మొత్తం కుప్పలో వేసి పారతో నాలుగైదుసార్లు తిరగేయండి. సోయా గింజలు పచ్చివి మరపట్టి వేయకూడదు. అరుగుదలని అడ్డుకునే పదార్థం వాటిలో ఉంటుంది, వేయిస్తేనే పోతుంది. ఎండుచేపల పొడి వాడితే ముందు నోట్లో వేసుకుని చూడండి. చాలా సరుకులో ఉప్పు బాగా ఎక్కువ. అప్పుడు విడిగా ఉప్పు మానేయాలి.

ఇంకోటి. దగ్గర్లో దొరికింది కదా అని ఎదిగే పిల్లలకు లేయర్ (గుడ్ల కోళ్ల) దాణా పెట్టకండి. అందులో కాల్షియం మూడున్నర శాతం దాకా ఉంటుంది, పిల్లలకు ఒక శాతం చాలు. ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. కోసి చూస్తే లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లగా కనిపిస్తుంది, రైతేమో జబ్బు అనుకుని యాంటీబయోటిక్ పోస్తాడు.

పచ్చికబయలు

లెక్క బాగుంది గానీ పురుగులు, చెదలు, గింజలు, లేత గడ్డి ఇవేవీ మీ పట్టికలో లేవు. మాంసకృత్తుల లోటు పూడ్చేది అవే. పైగా ఈ మెరుగైన రకాలకు కడుపునిండా పెడితే కొవ్వు పట్టి గుడ్లు తగ్గుతాయి.

దాణాలెక్క

కొవ్వు సంగతి నిజం. అందుకే ఏడో వారం తర్వాత పూర్తి మేత వద్దు, తిరిగే చోటుని బట్టి సగం నుంచి మూడొంతుల దాకా పెడితే చాలు. పెట్టేది తగ్గించమంటున్నాను, నాసిరకం పెట్టమనట్లేదు. ఇక పురుగులంటారా, ఇరవై కోళ్లకి దొరికేది 200 కోళ్లకి దొరకదు. అదే ఆవరణని నెల రోజుల్లో గీకి నున్నగా చేసేస్తాయి. వాదనతో పని లేదు: సాయంత్రం గూటికి చేరగానే ఒక పదింటిని పట్టుకుని మెడకింద మేతసంచి తడిమి చూడండి. నిండుగా, మెత్తగా, లోపల గింజలు తగులుతుంటే ఆవరణ మేపుతున్నట్టు. చదునుగా ఉన్నా, గడ్డిపోచల ఉండ ఒక్కటే తగిలినా రాత్రికి పెట్టే మేత పెంచాలి. రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలిందంటే అప్పటికే ఆలస్యం.

చుక్కమందు

టీకాల వైపు నేను చెప్తాను. నాటు రక్తానికి రోగాలు రావు అన్నది సగమే నిజం. కొక్కెర తెగులు వైరస్ గట్టిదైతే టీకా లేని మందలో నాటు, మెరుగైనది అని చూడదు, ఊడ్చేస్తుంది. పచ్చటి పారుడు, మెడ తిరిగిపోవడం, కాళ్లు రెక్కలు పడిపోవడం కనిపించేసరికి చేయడానికి ఏమీ మిగలదు.

మామూలుగా నడిచే వరస: మొదటి రోజు హేచరీలోనే మారెక్స్ అనే వైరస్ జబ్బు టీకా (వేయించారో లేదో అడిగి తీసుకోవాలి), 5-7 రోజుల మధ్య లసోటా లేదా ఎఫ్-1 (రెండూ కొక్కెర టీకా రకాలే) కంట్లో చుక్క, 14వ రోజుకి గంబోరో, 28వ రోజుకి మళ్లీ లసోటా, 6-8 వారాల మధ్య మశూచి, 8 వారాలు దాటాక కొక్కెరకే ఆర్2బి లాంటి గట్టి రకం చర్మం కింద అర మిల్లీలీటరు. ఈ చివరిది చిన్న పిల్లలకు వేస్తే టీకాయే జబ్బు చేస్తుంది. గుడ్లు పెడుతున్న పెట్టకు వేస్తే గుడ్లు పడిపోతాయి. కాబట్టి గుడ్లు మొదలయ్యేలోపే ముగించాలి.

పచ్చికబయలు గారు తీసేయమంటున్న గంబోరో గురించి. అది 3-6 వారాల వయసులో బర్సా అనే అవయవాన్ని దెబ్బతీస్తుంది, రోగనిరోధక శక్తి తయారయ్యేదే అక్కడ. చావులు తక్కువగా ఉండొచ్చు, కానీ ఆ తర్వాత వేసే కొక్కెర టీకా సరిగా పట్టదు. ఒకటి మానేసి రెండోదాన్నీ పోగొట్టుకోవడం అన్నమాట. మశూచి దోమల ద్వారా పాకుతుంది, బయట తిరిగే కోళ్లకే ముప్పు ఎక్కువ. షెడ్డు కోళ్ల టీకా అని దాన్ని ఎలా అంటారు?

పచ్చికబయలు

మశూచి మాట ఒప్పుకుంటున్నా, దోమలున్న చోట వేయాల్సిందే. గంబోరో మీద మాత్రం ఒప్పుకోను. ఇంటర్మీడియట్ ప్లస్ అని అమ్మే గట్టి రకాలు తల్లి నుంచి వచ్చిన రక్షణ లేని పిల్లల్లో బర్సాని తామే దెబ్బతీస్తాయి. చిన్న హేచరీల పిల్లల్లో ఆ రక్షణ ఎంతుందో ఎవరికీ తెలియదు. కొత్త నేల, కొత్త షెడ్డు, ఒకే వయసు మంద అయితే ఆ రిస్కు ఎందుకు తీసుకోవాలి?

చుక్కమందు

అందుకే చిన్న మందకు మామూలు ఇంటర్మీడియట్ రకమే వాడాలి, ప్లస్ అక్కర్లేదు. కొత్త నేల వాదన మొదటి బ్యాచ్ వరకే చెల్లుతుంది. గంబోరో వైరస్ షెడ్డులో నెలల తరబడి బతుకుతుంది, మామూలు కడుగుడుకి పోదు. రెండో బ్యాచ్ నుంచి మీది పాత నేలే.

గుడ్లబుట్ట

నా సందేహం వేరు. 28వ రోజు లసోటా నీళ్లలో ఇస్తే చాలా, 200 పిల్లల్నీ పట్టుకుని చుక్క వేయాలా? సీసా చూస్తే 1000 డోసులది. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి వారం తర్వాత వాడుకోవచ్చా?

చుక్కమందు

ఒకసారి కలిపిన టీకా రెండు గంటల్లో అయిపోవాలి, మిగిలింది మరిగే నీళ్లలో వేసి పారేయాలి. ఫ్రిజ్‌లో దాచింది మర్నాటికే నమ్మదగ్గది కాదు.

200 అంటే చుక్కే మేలు. ఇద్దరుంటే పూటలో అయిపోయే పని. 1000 డోసులకి 30 మిల్లీలీటర్ల చల్లటి డైల్యూయెంట్ (టీకా కలిపే ద్రావణం), చుక్క 0.03 మిల్లీలీటరు. డ్రాపర్ నిటారుగా పట్టుకోవాలి, వంచితే చుక్క సైజు మారుతుంది. చుక్క పడగానే వదిలేయకండి. అది కంటి మీద పరుచుకుని లోపలికి దిగి, పిల్ల రెప్ప కొట్టేదాకా ఆగండి. ముందే వదిలితే తల విదిల్చి పారేస్తుంది. మీ కంట్లో పడకుండా చూసుకోండి, రెండు మూడు రోజులు కళ్లు ఎర్రబడతాయి.

నీళ్లలోనే ఇస్తానంటే కొలత ఇదీ: 1000 కోళ్లకి వయసు ఎన్ని రోజులో అన్ని లీటర్లు. 28 రోజుల 200 పిల్లలకి 5.6, అంటే దాదాపు ఆరు లీటర్లు. క్లోరిన్ కలపని నీళ్లు, లీటరుకి రెండున్నర గ్రాముల వెన్న తీసిన పాలపొడి, అది కలిపిన అరగంటకి టీకా. ప్లాస్టిక్ గిన్నెలే వాడాలి, ఇనుమువి వద్దు. టీకాకి ముందు గంట, గంటన్నర నీళ్లు తీసేయాలి, ఎండ ముదిరిన వేళ ఇవ్వకూడదు. గిన్నెలు తక్కువైతే బలమున్నవి ముందు తాగేస్తాయి, బక్కవాటికి టీకా అందదు. ఆ తర్వాత చచ్చేవీ అవే, చెడ్డపేరు టీకాకి వస్తుంది.

లిట్టర్‌మాస్టారు

ఇద్దరూ మాట్లాడని విషయం బూజు. తేమ 13 శాతం దాటిన మొక్కజొన్న, నిల్వ వేరుశనగ చెక్క ఈ రెండూ అఫ్లాటాక్సిన్ అనే బూజు విషానికి పుట్టిళ్లు. అది కాలేయాన్ని తినేస్తుంది, టీకాని పట్టనివ్వదు. పైకి ఏమీ కనిపించదు, మేత తగ్గుతుంది, ఎదుగుదల ఆగుతుంది, అంతే. టీకా పని చేయలేదని గోల పెట్టేవాళ్లు ముందు సంచి అడుగున చెయ్యి పెట్టి ముద్దలున్నాయేమో చూడాలి. పొడిపొడిగా ఎండబెట్టినా విషం పోదు, బూజు పెరుగుదలే ఆగుతుంది. దాణా పదిహేను రోజులకి సరిపడానే కలుపుకోండి, చెక్క బల్ల మీద, గోడకి ఆనకుండా పెట్టండి.

రెండోది రక్తపారుడు. మూడు నుంచి ఐదు వారాల మధ్య, నీళ్ల గిన్నెల చుట్టూ ఊక తడిసినప్పుడు వస్తుంది. దానికి వాడే ఆంప్రోలియం మందు ఇస్తున్న రోజుల్లో బి-విటమిన్ టానిక్ కలపకండి. ఆ మందు పనిచేసేదే బి1ని అడ్డుకుని, టానిక్‌తో దాన్ని మీరే విరుస్తున్నారు. ఆ పారుడు తగ్గేదాకా టీకా వాయిదా వేయాలి. బయట తిరిగే కోళ్లకి నట్టల మందు కూడా టీకాకి వారం ముందే పూర్తి కావాలి.

గుడ్లబుట్ట

చుట్టుపక్కల నలుగురైదుగురు కలిసి ఒకే రోజు పెట్టుకుంటే 1000 డోసుల సీసా వృథా కాదు కదా?

లిట్టర్‌మాస్టారు

కాదు గానీ ఒకే మనిషి అయిదు షెడ్లు తిరిగితే టీకాతో పాటు జబ్బూ పంచుతాడు. అందరికీ మధ్యలో ఉన్న చోట కలిపి, వేర్వేరు డ్రాపర్లలో పోసి, ఐసు పెట్టెలో ఎవరిది వాళ్లకి ఇచ్చి పంపండి. డ్రాపర్లు తిరిగి తెచ్చుకోకూడదు.

పచ్చికబయలు

పెట్టలే పొదిగి పిల్లల్ని తిప్పుతుంటే ఈ రోజుల పట్టిక ఎలా నడుస్తుంది? మందలో వారం పిల్ల నుంచి ఏడాది పెట్ట దాకా ఉంటాయి.

చుక్కమందు

అక్కడ ఈ పట్టిక నడవదు, ఆ మాట నిజం. అలాంటి మందకి ఐ-2 లాంటి వేడిని తట్టుకునే కొక్కెర టీకా రకం దొరికితే మూడు నాలుగు నెలలకోసారి చిన్నా పెద్దా అన్నిటికీ ఒకే రోజు కంట్లో చుక్క వేయడమే మార్గం. దొరక్కపోతే లసోటానే అలా వాడుకోవచ్చు, కాకపోతే 2-8 డిగ్రీల చల్లదనం తప్పనిసరి. మధ్యలో పుట్టిన పిల్లలకి వారం దాటగానే చుక్క వేసి మందలోకి వదలండి. మశూచి మాత్రం 6 వారాలు దాటినవి పోగయ్యాక ఒకేసారి రెక్క పొరలో పొడవండి, రెండు మొనల సూదితో, ఈకలు తగలకుండా. 7-10 రోజులకి పొడిచిన చోట చిన్న గడ్డ, పక్కు కనిపించాలి. పదింటిని చూస్తే నాలుగైదింటికి లేకపోతే మళ్లీ వేయాలి.